తుపాకుల సంత

"మామయ్యగారూ, మీరైనా వద్దని చెప్పండి" అంది మా కోడలు, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

వద్దని చెప్పవలసింది మా అబ్బాయికి. ఆ శనివారం పొద్దున వాడు పక్కింటి పెద్దాయనతో కలిసి తుపాకుల సంతకు బయలుదేరుతున్నాడు. సంత అన్నమాట నాది. ఇక్కడివాళ్ళు "గన్ షో" అంటారు. షో అనగానే నేను ఏ సర్కసు వంటిదో అనుకున్నాను. తీరా చూసి వచ్చాక, దానికి సంతను మించిన పేరు లేదని తేల్చుకున్నాను.

అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలో, టల్సా నగరం శివార్లలో మావాడి కాపురం. మా ఆవిడా నేనూ ఆరు నెలలుండి పోదామని వచ్చాం. మేము రాకముందే, వీళ్ళకు రెండు వీధుల అవతల ఉన్న తెలుగువాళ్ళ ఇల్లు దొంగలు దోచారు. ఇంటివాళ్ళు పెళ్ళికని పొరుగూరు వెళ్ళి వచ్చేసరికి వెనక తలుపు పగిలి ఉంది, నగలు లేవు. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందన్న సంగతి ఇక్కడి దొంగలకు ఎవరు చెప్పారో గాని, బాగా తెలుసు. అప్పటినుంచీ మావాడికి రాత్రిళ్ళు నిద్ర సరిగా లేదు. ఒక పిస్తోలు కొని పడకగదిలో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుందని వాడి వాదం. "తొమ్మిదేళ్ళ పిల్ల తిరిగే ఇంట్లోనా?" అని కోడలి వాదం. ఇద్దరి మధ్యా నేను తీర్పరిని.

ఇంకో తీర్పు కూడా నా నెత్తిన పడింది. పక్కింటి పెద్దాయన చమురు బావుల్లో పనిచేసి రిటైరైనవాడు. నలభయ్యేళ్ళుగా ఈ సంతలకు తిరుగుతున్నాడు. "నా స్నేహితులంతా మానేశారు. ఈ చిన్న సంతలకు పోవడం దండగ, డబ్బులిచ్చి ఎండుమాంసం చూసి రావడమే అంటున్నారు. నేను పాతవాణ్ణి, నా కంటికి ఎప్పుడూ ఆనాటి సంతే కనబడుతుంది. మీరు కొత్తవారు. చూసి చెప్పండి, వెళ్ళవచ్చునా, మానవచ్చునా?" అన్నాడు.

అంత పెద్దమనిషి అడిగాక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది? "నేను వెంట ఉంటానుగా" అని కోడలికి చెప్పి కారెక్కాను.

కారులో మావాడు నాకొక షరతు పెట్టాడు. "నాన్నా, అక్కడ దేన్నీ ముట్టుకోకండి. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకి గాని, తూటా గాని దగ్గర ఉంచుకోకూడదని ఇక్కడి చట్టం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకీ మరి కొందరికీ మినహాయింపులున్నాయి గాని, మీకు లేవు. ఎందుకొచ్చిన గొడవ? చేతులు వెనక్కి కట్టుకుని నడవండి."

ఒకప్పుడు వాణ్ణి పుస్తక ప్రదర్శనలకు తీసుకెళ్ళి నేను చెప్పిన మాటే అది. సరేనన్నాను.

పెద్ద సంత, చిన్న సంత

నేను వచ్చిన కొత్తలోనే, ఏప్రిల్ నెలలో, టల్సాలో పెద్ద సంత చూశాను. ముందు దాని సంగతి చెప్పాలి. టల్సా ఒకప్పుడు ప్రపంచానికి చమురు రాజధానినని చెప్పుకున్న ఊరు. ఆ వైభవానికి గుర్తుగా ఎక్స్‌పో స్క్వేర్ మైదానంలో 75 అడుగుల చమురు కార్మికుడి విగ్రహం ఒకటి 1966 నుంచి నిలబడి ఉంది. ఒళ్ళంతా బంగారు రంగు. పేరు "గోల్డెన్ డ్రిల్లర్". ఆయన పాదాల వెనక, ఒకే కప్పు కింద, 11 ఎకరాల హాలు. ఏటా రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, ఆ హాలులో నాలుగువేల పైచిలుకు బల్లలు వేసి తుపాకులు పరుస్తారు. 1955లో మొదలైన సంత ఇది. ప్రపంచంలో ఇంతకన్న పెద్దది లేదని చెబుతారు. ఎప్పుడో కోటప్పకొండ తిరునాళ్ళలో మా ఆవిడ తప్పిపోతే గంటసేపు వెతికాను. ఇక్కడ నేనే తప్పిపోయాను.

ఆ పెద్ద సంతకు పోవచ్చునా అన్న ప్రశ్న ఎవరూ వేయరు. దేశం నలుమూలలనుంచీ వస్తారు. సందేహమంతా చిన్న సంతల విషయంలోనే. జిల్లాల్లో అప్పుడప్పుడు జరిగే సంతలవి. మేము వెళ్ళింది అటువంటి దానికి. జిల్లా ఉత్సవంలో ఎడ్లనూ గొర్రెలనూ కట్టేసే రేకుల హాలులో పెట్టారు. గడ్డివాసన ఇంకా పోలేదు. ఆ వాసన తగలగానే నాకు మా ఊరి పశువుల సంత గుర్తుకు వచ్చింది.

మా నాన్నగారు ఒక్క వారం కూడా సంత మానేవారు కారు. చాలా వారాలు కొనేదేమీ ఉండేది కాదు. దళారులు తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడుతుంటే నిలబడి చూసి వచ్చేవారు. "కొననివాళ్ళకు సంతలో ఏం పని?" అని మా అమ్మ దెప్పితే, "ఎవరి ఎద్దు ఎందుకు అమ్ముడుపోతోందో తెలుసుకోవద్దటే?" అనేవారు. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

గుమ్మం దగ్గర మనిషికి పది డాలర్లు పుచ్చుకుని చేతిమీద ముద్ర వేశారు. పక్కనే షెరీఫ్ ఆఫీసు ఉద్యోగి ఒక బల్ల వేసుకు కూర్చున్నాడు. తుపాకి వెంట తెచ్చుకున్నవాళ్ళు అక్కడ చూపించాలి. అందులో తూటా లేదని ఆయన చూసి, ఇక పేల్చడానికి వీల్లేకుండా ఒక ప్లాస్టిక్ పట్టీ దూర్చి బిగిస్తాడు. బయట వీధిలో అనుమతి పత్రం లేకుండానే తుపాకి ధరించి తిరగవచ్చునని ఈ రాష్ట్రంలో 2019 నవంబరు 1 నుంచి చట్టం ఉంది. లోపల, తుపాకుల మధ్య, మటుకు తూటా ఉన్న తుపాకి పనికిరాదు! ఈ తమాషా అర్థమైనట్టే ఉంటుంది, కానట్టే ఉంటుంది.

లోపల ఏముంది?

నాకు లెక్కపెట్టే జబ్బు ఉంది. మొత్తం బల్లలు నూట నలభై రెండు. వాటిలో తుపాకులున్నవి అరవై ఒకటి. తక్కినవాటిమీద కత్తులు, ఎండుమాంసం, తోలు ఒరలు, జెండాలు, వెండి నాణేలు, బొమ్మల చొక్కాలు, మెడనొప్పికి పట్టుకునే యంత్రాలు. ఒకాయన ఇంటి కిటికీలు మార్చిపెడతానని కరపత్రాలు పంచుతున్నాడు. ఒక బల్లమీద హిట్లరు కాలంనాటి పతకాలు అద్దాల పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. కొనేవాడి ముఖం చూద్దామని కాసేపు నిలబడ్డాను. ఎవరూ కొనలేదు, సంతోషించాను.

పెద్దాయన నడుస్తూ నిట్టూరుస్తున్నాడు. "ఇదిగో, ఇక్కడ రష్యా సైనికుల పాత రైఫిళ్ళు పీపాల్లో కట్టెలు నిలబెట్టినట్టు నిలబెట్టి అమ్మేవారు. వంద డాలర్లకు లోపే. ఇప్పుడు ఒకటి కనబడినా అందుకు ఎన్నో రెట్లు చెబుతారు" అన్నాడు. తూటాల పెట్టె ఒకటి చూపించి, ఊళ్ళో కొట్టులోనూ అదే ధర అన్నాడు. అంటే గుమ్మంలో ఇచ్చిన పది డాలర్లూ నష్టమే. కుర్రవాళ్ళు తుపాకి పట్టుకుని చూస్తూ, రెండో చేత్తో ఫోనులో ధర చూసుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో తుపాకుల వేలం మొదలైంది. ఆనాటినుంచీ ఏ మూల ఉన్న తుపాకి ధరైనా ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. అక్కడ కొన్నది తిన్నగా ఇంటికి రాదు. లైసెన్సున్న వ్యాపారి దగ్గరికి వస్తే అక్కడ కాగితాలు నింపి తెచ్చుకోవాలి. అయినా చౌక బేరం దొరుకుతుందని సంతకు వచ్చే రోజులు పోయాయి. ఆ మాటకు వస్తే మా ఊరి సంతకు కూడా ఇప్పుడు చౌకకని ఎవరూ వెళ్ళరు.

రెండు బల్లలు

మావాడు ఒక లైసెన్సు వ్యాపారి బల్ల దగ్గర ఆగాడు. వాడికిప్పుడు ఇక్కడ శాశ్వత నివాసం ఉంది గనుక కొనే హక్కు ఉంది. వ్యాపారి 4473 నంబరు ఫారం తీసి చూపించాడు. నేరం చేశావా, మత్తుమందులు వాడతావా, ఫలానా వీసా మీద ఉన్నావా అని ప్రశ్నలు. అది నింపాక ప్రభుత్వపు పట్టికలలో పేరు వెతికిస్తాడు. 1993లో చేసిన బ్రాడీ చట్టం ప్రకారం, 1998 నవంబరు 30 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఇది. తరచు కొద్ది నిమిషాల్లో జవాబు వస్తుంది. తేలకపోతే మూడు పనిరోజులు ఆగాలి. అప్పటికీ జవాబు రాకపోతే, అమ్మడం అమ్మకపోవడం వ్యాపారి ఇష్టం.

నాలుగు బల్లలు దాటాక ఇంకొకాయన. వ్యాపారి కాడు, తన సొంత తుపాకులు అమ్ముకుంటున్నానన్నాడు. మావాడు ఒక పిస్తోలు ధర అడిగాడు. ఆయన చెప్పాడు. మావాడి డ్రైవింగు లైసెన్సు తీసుకుని రాష్ట్రం పేరు మాత్రం చూసి ఇచ్చేశాడు. "నగదు ఇచ్చి తీసుకుపో. కాగితాలేమీ అక్కర్లేదు" అన్నాడు.

మావాడు నాలుగడుగులు ఇవతలికి వచ్చి, "నాన్నా, ఆయన నా పేరైనా చదవలేదు" అన్నాడు. వాడి గొంతులో బేరం కుదిరిన ఆనందం లేదు. "నన్ను అడగకపోతే మా ఇల్లు దోచినవాణ్ణి కూడా అడగడు కదా!" దోచింది వాడి ఇల్లు కాదు గాని, ఆ పొరపాటును నేను దిద్దలేదు.

దీన్నే ఇక్కడ చట్టంలో సందు అంటారు. లైసెన్సున్నవాడు సంతలో అమ్మినా, కొట్టులో అమ్మినా విచారణ జరిపించాలి. వ్యాపారం కాకుండా తన వస్తువు తాను అమ్ముకునేవాడికి కేంద్ర చట్టంలో ఆ నిర్బంధం లేదు. ఓక్లహోమాలోనూ లేదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు మధ్యలో లైసెన్సు వ్యాపారి ఉండితీరాలన్నాయి. కొలరాడోలో 1998 చివర, డెన్వరు దగ్గరి సంతలో ఇలాగే విచారణ లేకుండా కొన్న మూడు తుపాకులు ఇద్దరు కుర్రవాళ్ళ చేతికి చేరాయి. 1999 ఏప్రిల్ 20న వాళ్ళు కొలంబైన్ హైస్కూలులో ఆ రోజే 12 మంది విద్యార్థులనూ, ఒక ఉపాధ్యాయుణ్ణీ చంపారు. మరుసటి సంవత్సరం నవంబరులో ఆ రాష్ట్రపు ఓటర్లే ఓట్లు వేసి తమ సంతల్లో ఆ సందు మూశారు.

ఈ కథ నేనెత్తితే పెద్దాయన కోపగించుకోలేదు. ఇంకో లెక్క చెప్పాడు. ఇంటికి వచ్చాక మావాడిచేత వెతికించి చూశాను; నిజమే. 2016లో జైళ్ళలోని ఖైదీలను ప్రభుత్వ గణాంక శాఖవారు ప్రశ్నించారు. నేరం చేసిననాడు తుపాకి దగ్గర ఉన్నవాళ్ళలో, దాన్ని సంతలో సంపాదించామన్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. నూటికి 43 మంది వీధుల్లో, దొంగబజారులో సంపాదించారు. "అందుకని సంతను ఆడిపోసుకోవడం న్యాయం కాదు" అన్నాడాయన. "దొంగబజారుకు చేరిన తుపాకి కూడా మొదట ఎవరో ఒకరు ఎక్కడో కొన్నదే కదా!" అన్నాను నేను. ఆయన కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. వాదన అక్కడితో ఆపి ఇద్దరం నిమ్మరసం తాగాం.

మూడు సింహాలు

హాలు చివర, మూలబల్ల దగ్గర, నేను ఆగిపోయాను. అయిదు పాత రైఫిళ్ళు పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ దారంతో కట్టిన చీటీ, చీటీమీద చేతివ్రాత. నడిమిదాన్ని చూడగానే నా కుడి భుజం ఝల్లుమంది.

పాఠకులకు కొంత పూర్వకథ చెప్పాలి. 1962 చైనా యుద్ధం తరువాత, 1963లో, కాలేజీ కుర్రవాళ్ళకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఐచ్ఛికమైంది. నేను గుంటూరులో చదివింది సరిగ్గా ఆ మధ్యకాలంలో. ఖాకీ నిక్కరు, బ్రాసోతో తోమిన ఇత్తడి బకిలీ, భుజాన .303 రైఫిలు. కాంపులో అయిదు తూటాలిచ్చి, బోర్లా పడుకోబెట్టి కాల్పించారు. మొదటి దెబ్బకే రైఫిలు మడమ వెనక్కి తన్ని, వారంరోజులు చొక్కా వేసుకోలేకపోయాను. అయిదింటిలో ఒకటే గురికి తగిలింది. అదీ పక్కవాడి గురికి.

బల్లమీద ఉన్నది దాని తమ్ముడు. ఉక్కుమీద ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు, 1966 సంవత్సరం, చిన్నగా మన సింహాల ముద్ర. రైఫిల్ ఫాక్టరీ ఇషాపూర్! కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న మన కర్మాగారం. యుద్ధం తరువాత, పాత .303 నమూనాలోనే, మరింత మంచి ఉక్కుతో, కొత్త 7.62 తూటాకు సరిపోయేటట్టు వాళ్ళు చేసిన 2ఎ1 రకం అది. ప్రపంచమంతా తనంత తానే తూటా ఎక్కించుకునే రైఫిళ్ళకు మారుతున్న రోజుల్లో మనవాళ్ళు చేత్తో బోల్టు లాగే ఈ రైఫిలు చేసుకున్నారు. మన సైన్యానికి, పోలీసులకు పనిచేసి, కాలం చెల్లాక పాత సామానుగా సముద్రాలు దాటి వచ్చింది. నేను వచ్చినట్టే!

బల్ల వెనక కూర్చున్న ముసలాయన వియత్నాం యుద్ధం చేసివచ్చినవాడు. నన్ను చూసి, "ఈ ముద్ర ఏమిటో మీకు తెలుసా? పిల్లులనుకుంటున్నాను" అన్నాడు.

"పిల్లులు కావు, సింహాలు" అన్నాను. ఎదురుగా మూడే కనబడతాయనీ, నాలుగోది వెనక ఉందనీ చెప్పాను. రెండువేల రెండువందల ఏళ్ళ క్రితం అశోకుడనే చక్రవర్తి, యుద్ధంలో జరిగిన హత్యాకాండ చూసి మనసు మారి, బుద్ధుడు తొలిసారి బోధ చేసిన సారనాథ్‌లో వాటిని నిలబెట్టించాడని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ ముద్రను చూశాడు. "యుద్ధం మానినవాడి గుర్తును తుపాకిమీద వేశారా?" అన్నాడు. ఇన్నేళ్ళుగా నాకు తట్టని ప్రశ్న అది. నాకు జవాబు తోచలేదు.

"పట్టుకుని చూడండి" అని రైఫిలు నాకందించబోయాడు. నా చేతులు వెనకనుంచి ముందుకు వచ్చేశాయి. "నాన్నా" అన్నాడు మావాడు మెల్లగా. మళ్ళీ వెనక్కి కట్టుకున్నాను. సంగతి తెలిశాక ఆయన నొచ్చుకోలేదు. రైఫిలు నా వైపు తిప్పి పెట్టి, బోల్టు తానే లాగి, మూసి చూపించాడు. ఆ చప్పుడు మటుకు నా చెవులకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

అప్పుడు, మా నాన్నగారు అడిగే మాట అడిగాను: "ఎందుకమ్ముతున్నారు?"

"ఇవి నావి కావు. నా స్నేహితుడివి. ఫిబ్రవరిలో పోయాడు. వాళ్ళావిడ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళాలి. కొట్టువాడికిస్తే సగం ధర. నెట్‌లో పెడితే కొనేవాడి ముఖం కనబడదు. ఈ చీటీలు వాడు వ్రాసుకున్నవి. చదివే ఓపిక ఉన్నవాడికే ఇవ్వాలని ఉంది" అన్నాడు. అమ్మేటప్పుడు మటుకు పక్కనున్న లైసెన్సు వ్యాపారిచేత కొనేవాడి కాగితాలు నడిపించి, విచారణ చేయించాకే ఇస్తున్నాడు. చట్టం అడగదు, ఆయన అడుగుతాడు.

మావాడు తన గోడు ఆయనతో చెప్పుకున్నాడు. ఆయన, "ఇంట్లో పిల్లలున్నారా?" అని అడిగాడు. "ఉంది." "అయితే ముందు ఉక్కుపెట్టె కొను. దాని తాళం ఎవరి దగ్గరుండాలో నువ్వూ నీ భార్యా తేల్చుకోండి. అది తేలాక తుపాకి మాట" అన్నాడు. ఆ పొద్దున తుపాకి కొనవద్దని మావాడికి చెప్పినవాడు, ఆ హాలులో ఆయనొక్కడే.

ఇంటికి వచ్చాక

తిరుగుదారిలో పెద్దాయన మమ్మల్ని క్లేర్‌మోర్‌లో ఆపాడు. ఆ ఊళ్ళో హోటలు నడిపిన జె.ఎం. డేవిస్ జీవితమంతా పోగుచేసిన తుపాకుల మ్యూజియం 1969 నుంచి అక్కడ ఉంది. పన్నెండువేలకు పైగా తుపాకులు! అద్దాల వెనక వరుసలు వరుసలుగా ఉన్నాయి. చూసి అబ్బురపడ్డాను. కాని ఏ తుపాకి వెనకా మనిషి కూర్చుని లేడు. ఇది ఎవరిది, ఎందుకు వదులుకున్నారు అని అడగడానికి వీల్లేదు.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు గుమ్మంలో ఉంది. "తాతయ్యా, పిస్తోలు తెచ్చారా?" అంది. "లేదమ్మా, తేనె తెచ్చాను" అని సీసా ఇచ్చాను. అదీ సంతలో కొన్నదే. దాని మూత తీస్తూ అది చెప్పింది: "మా బళ్ళో లైట్లు ఆపేసి అందర్నీ మూలకు కూర్చోబెడతారు. నవ్వకూడదు. తలుపు కొట్టినా తీయకూడదు." "ఎందుకమ్మా?" "తుపాకి వాడు వస్తే!" ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పి, తేనె నాకుతూ వెళ్ళిపోయింది. మేము పెద్దవాళ్ళం నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ, అంతవరకూ మాట్లాడనిది, "దొంగ వచ్చేది బంగారం కోసమే కదురా! దాన్నే ఇంట్లోంచి పంపించేస్తే?" అంది. సోమవారం అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళి నగలన్నీ బాంకు లాకరులో పెట్టి వచ్చారు. మావాడు వెనక తలుపుకు గట్టి తాళం వేయించాడు. పిస్తోలు మాట పూర్తిగా మానుకున్నానని వాడింకా అనలేదు. ఉక్కుపెట్టె కూడా కొనలేదు. నిద్ర మటుకు పోతున్నాడు.

ఆదివారం కూడా పెద్దాయన సంతకు వెళ్ళివచ్చాడు. ఆ సాయంత్రం కంచె దగ్గర నిలబడి కబురు చెప్పాడు. ఇషాపూరు రైఫిలు ఒక కుర్రవాడు కొన్నాడట. చీటీ అంతా చదివి, "ఈ పిల్లులేమిటి?" అని అడిగాడట. మూలబల్ల ముసలాయన అతణ్ణి కూర్చోబెట్టి, అవి పిల్లులు కావనీ, నాలుగో సింహం వెనక ఉందనీ, అశోకుడి కథంతా చెప్పి మరీ కాగితాలు నడిపించాడట.

"ఇంతకూ మీ తీర్పేమిటి?" అన్నాడు పెద్దాయన.

"చౌకకైతే వద్దు. పేరు చదవకుండా అమ్మే బల్ల దగ్గరికైతే అసలే వద్దు. ఆ సందు మూస్తే సంతకు వచ్చే నష్టమేమీ లేదు. మూలబల్ల ఉన్నన్నాళ్ళూ వెళ్ళవచ్చు" అన్నాను.

ఆయన తల ఊపి, "వచ్చే నెల ఇంకో ఊళ్ళో ఉంది" అన్నాడు.

"నేనూ వస్తాను, చేతులు వెనక్కి కట్టుకుని" అన్నాను.